విదేశీ ట్రావెల్ గ్రాంట్ అంటే ఏంటి? మన రైతులు ఎవరు వెళ్లొచ్చు, ముందుగా ఏం చూసుకోవాలి?

పై వీడియోలో చెప్పిన విషయాన్ని ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నా. చాలామంది అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఫారిన్‌లో రైతుల మీటింగ్ ఉంది, గ్రాంట్ వచ్చింది అంటున్నారు. ప్రాసెసింగ్ ఫీజు కట్టమంటున్నారు. కట్టాలా?"

కట్టొద్దు. గ్రాంట్ అంటే వాళ్లు మనకు ఇచ్చేది, మనం వాళ్లకు ఇచ్చేది కాదు.

నేను ఆకుకూరలు అమ్మేది హైదరాబాద్ పాతబస్తీలో, మీర్ ఆలం మండిలో. అక్కడ బయటి దేశం అంటే గల్ఫే. ఏజెంటు, వీసా, అప్పు, ఇదే అందరికీ తెలిసిన దారి. ట్రావెల్ గ్రాంట్ దారి వేరు. అది కొలువు కోసం కాదు. ఒక పని తెలిసినవాళ్లు ఇంకో దేశంలో అదే పని చేసేవాళ్లను కలిసి, చూపించి, నేర్చుకుని రావడానికి ఇచ్చే ప్రయాణ ఖర్చు.

మనవాళ్లు వెళ్లారు

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దాని సంఘాల్లో ఎక్కువమంది చిన్న కమతాల దళిత మహిళలు. వాళ్లలో కొందరు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారో 2003లో సినిమా తీశారు. ఆ తర్వాత బీటీ పత్తి మీదే మాలి, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా రైతుల అనుభవాలతో ఇంకో సినిమా చేశారు. జొన్న, కొర్ర పండించే చేతులే కెమెరా పట్టి వేరే దేశాల రైతుల మాట వినిపించాయి.

ఇదే సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 127 దేశాల నుంచి 847 నామినేషన్లు వస్తే 22 మాత్రమే ఎంపికయ్యాయి. 10 వేల డాలర్లతో పాటు న్యూయార్క్ సభకు ప్రతినిధులను పంపే అవకాశం కూడా ఆ ప్రైజ్‌లో భాగం.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగు కార్యక్రమానికి పోర్చుగల్‌లో గుల్బెంకియన్ ప్రైజ్ వచ్చింది. 10 లక్షల యూరోల ఆ ప్రైజ్‌ను మూడు పక్షాలు పంచుకున్నాయి. లిస్బన్ వేదిక మీద మన తరఫున నిలబడ్డవాళ్లలో నెట్టెం నాగేంద్రమ్మ గారు ఉన్నారు. ఆమె రైతు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

కళకూ సేద్యానికీ సంబంధం ఏంటి?

కళలు, పర్యావరణం రెండూ కలిసిన ఎక్స్ఛేంజ్ అనగానే మనది కాదులే అనుకుంటాం. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు చూడండి. 2024లో వాటికి జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ లక్క ఫ్యాక్టరీలో పుట్టేది కాదు. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు ఇచ్చే జిగురు. దేశంలో ఎక్కువగా జార్ఖండ్ నుంచి వస్తుంది. చెట్టు మీద మందు కొడితే ఆ పురుగు పోతుంది, గాజుకు ముడిసరుకు పోతుంది. అంటే గాజులు చేసే కారీగర్, గట్టు మీద మోదుగ చెట్టును కాపాడే రైతు ఒకే గొలుసులో ఉన్నారు. సహజ రంగులు, చేనేత, విత్తన పండగ, వంట, పాట అన్నీ ఇంతే. అప్లికేషన్‌లో ఈ గొలుసును చూపిస్తే అదే మన బలం.

ఎక్కడ చూడాలి?

• ఐసీసీఆర్: 1950లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ. జానపద బృందాలతో సహా కళాకారులను విదేశాలకు పంపుతుంది. ముందు వాళ్ల ప్యానెల్‌లో పేరు ఉండాలి. హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది.

• చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్: కళలు, వారసత్వం మీద పనిచేసే భారతీయులు కొద్దికాలం బ్రిటన్ వెళ్లడానికి సాయం చేస్తుంది. ఖర్చు మొత్తం ఇస్తారనుకోవద్దు, ఏది ఇస్తారో చదువుకోండి.

• స్లో ఫుడ్ వాళ్ల టెర్రా మాద్రె: 2004లో ఇటలీలోని టురిన్‌లో మొదలైంది. మొదటిసారే 130 దేశాల నుంచి దాదాపు 5 వేల మంది ఆహారం పండించేవాళ్లు, తయారుచేసేవాళ్లు వచ్చారు.

ఒప్పుకునే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. టికెట్ వాళ్లే కొంటారా, మనం కొన్న తర్వాత పైసలు ఇస్తారా? రెండోదైతే చిన్న రైతుకు కష్టం. ముందే కొనివ్వమని అడగండి, తప్పు లేదు.

2. వీసా ఫీజు, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? యూరప్ షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి.

3. తెలుగు నుంచి అనువాదం చేసే మనిషి ఉంటారా? లేకపోతే సభలో మనం ఫొటోకే పనికొస్తాం.

4. మనం లేని రోజుల్లో పశువులు, నీళ్లు, కోత ఎవరు చూస్తారు? ఈ ఖర్చును గ్రాంట్లు సాధారణంగా లెక్కలోకి తీసుకోవు. బడ్జెట్‌లో కూలీ ఖర్చు అని రాసి అడగండి.

5. తీసిన వీడియోలు, చెప్పిన పద్ధతులు ఎవరి పేరు మీద ఉంటాయి?

కాగితాల సంగతి

పదో తరగతి పాస్ కాలేదని ఆగిపోవద్దు. అలాంటివాళ్ల పాస్‌పోర్టుకు ఈసీఆర్ ముద్ర పడుతుంది. ఆ క్లియరెన్స్ కావాల్సింది 18 దేశాలకు కొలువు కోసం వెళ్లేటప్పుడే. సభకు, సందర్శనకు అక్కర్లేదు.

మీరు రాజకీయ పార్టీలో పదవిలో ఉన్నా, ప్రభుత్వ ఉద్యోగి అయినా విదేశీ సంస్థ ఖర్చు మీద వెళ్లాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద ముందుగా కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి. మండల కమిటీలో పేరున్న రైతులు ఇది చూసుకోండి. మీ సంఘం ఖాతాలోకి విదేశీ గ్రాంట్ తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి తప్పనిసరి.

విత్తనం సంచిలో పెట్టుకోవద్దు

మన దేశీ విత్తనాన్ని ప్రేమతో నాలుగు గింజలు ఇచ్చేద్దాం అనిపిస్తుంది. ఆగండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు మన జీవ వనరులు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి. అక్కడి నుంచి గింజలు తేవాలన్నా దిగుమతి పర్మిట్, మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. రోగం గింజతో కూడా వస్తుంది. మీ ఊరి రకం ఉంటే 2001 చట్టం కింద రైతు రకంగా రిజిస్టర్ చేయించండి. రైతులకు ఫీజు లేదు.

చివరిగా: ఎవరు వెళ్లాలి?

ఎక్కువసార్లు ఇంగ్లీషు వచ్చినవాళ్లే విమానం ఎక్కుతారు, జీవామృతం కలిపినవాళ్లు ఊళ్లోనే ఉంటారు. పస్తాపూర్ అక్కలు, నాగేంద్రమ్మ గారు చూపించింది ఏంటంటే, పని చేసినవాళ్లు వెళ్తేనే అవతలి రైతు అడిగే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కషాయం ఎంత మోతాదు, ఎన్నో రోజు కొట్టాలి, పురుగు ఏ దశలో ఉంది, ఇవి రిపోర్టులో ఉండవు, చేతిలో ఉంటాయి.

అందుకే మీ సంఘం మీటింగ్‌లో ఇప్పుడే ఇద్దరి పేర్లు రాసుకోండి. అందులో ఒకరు ఆడవాళ్లు ఉండాలి. వాళ్లిద్దరికీ పాస్‌పోర్టు తీయించండి. వాళ్ల పొలం పని మీద ఐదు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే టైమ్ సరిపోదు. వెళ్లొచ్చినవాళ్లు నెలలోపు ఊళ్లో అందరి ముందు కూర్చుని చెప్పాలని తీర్మానం కూడా రాయండి. ఆ ప్రయాణం ఒక్కరిది కాదు, ఊరిది.