‘...నా శ్రీమతికి కృతజ్ఞతలు’

కిందటి సంక్రాంతికి మా పిన్ని వాళ్ల ఊరు వెళ్లాను. పండగ హడావుడి అయ్యాక అటక మీది సామాను దింపుతుంటే నల్లట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి చేతికొచ్చింది. దుమ్ము దులిపి చూస్తే బాబాయి పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం! స్త్రీల పాటల మీద ఆయన పరిశోధన చేశారని తెలుసు గానీ, ఆ పుస్తకాన్ని చూడటం అదే మొదటిసారి.

‘‘ఇన్ని పాటలు బాబాయికి ఎలా దొరికాయి పిన్నీ?’’ అనడిగాను.

పిన్ని నవ్వింది. ‘‘మీ బాబాయి అడిగితే ఎవరు పాడతారే! మగమనిషి కనపడితే చాలు, ఆ ముసలమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. నేనే మీ చెల్లెల్ని చంకనేసుకుని వీధి వీధీ తిరిగి రాసుకొచ్చాను. రాత్రిళ్లు కూచుని సాపు రాసిచ్చేదాన్ని.’’

నేను గబగబా కృతజ్ఞతల పేజీ తిప్పాను. గైడు గారి పేరుంది. లైబ్రేరియన్ పేరుంది. టైపు చేసినాయన పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. అన్నిటికన్నా అడుగున... ‘చేదోడువాదోడుగా నిలిచిన నా శ్రీమతికి కృతజ్ఞతలు.’ అంతే. పేరు లేదు!

ఇది మా పిన్ని ఒక్కదాని కథే అనుకున్నాను. కాదట! 2017లో అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రూస్ హోల్సింగర్ పాత పుస్తకాల్లోని ఇలాంటి కృతజ్ఞతల పేజీలను ట్విట్టర్‌లో పెట్టారు. ‘టైపు చేసినందుకు నా భార్యకు’ అన్న తరహా వాక్యాలే అన్నీ. టైపు చేయడమే కాదు, పాత రాతప్రతులు చదివి ఎత్తి రాసినవాళ్లు, తప్పులు దిద్దినవాళ్లు, అనువదించినవాళ్లు... అందరి పేరూ ఒకటే, ‘నా భార్య’!

పేరులో ఏముంది?

‘‘పోనీలేవే, పేరులో ఏముంది’’ అంది పిన్ని. కాలేజీలో లెక్చరర్‌గా చేస్తున్న మా చెల్లెలు మాత్రం ఊరుకోలేదు. ‘‘పేరులోనే అంతా ఉందమ్మా. నాన్న థీసిస్ చదివి వ్యాసం రాసేవాళ్లు ఫుట్‌నోట్‌లో నాన్న పేరే రాస్తారు. వాటిని చూసి రాసేవాళ్లూ అంతే. మొదటి పేజీలో లేని పేరు ఇక ఏ పేజీలోకీ రాదు’’ అంది.

పరిశోధకులు ఒకరి పనిని వాడుకున్నప్పుడు ‘ఇది ఫలానావారిది’ అని చెప్పడమే సైటేషన్. మన ఉపయుక్త గ్రంథ సూచి లాంటిదే. వీటిని లెక్కపెట్టే పద్ధతికి దారి వేసినాయన అమెరికాలోని ఫిలడెల్ఫియాకి చెందిన యూజీన్ గార్ఫీల్డ్. 1955లో ఆ ఆలోచన చెప్పి, 1964లో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ తెచ్చారు. ఏ పరిశోధనను ఎవరెవరు వాడుకున్నారో వెతుక్కోవడానికి అదొక సూచిక. రానురాను అదే మనుషుల్ని తూచే తక్కెడ అయి కూచుంది. 2005లో కాలిఫోర్నియాకి చెందిన భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ఇంకో కొలత తెచ్చారు. దాని పేరు హెచ్-ఇండెక్స్. మీవి పది పత్రాలకు, ఒక్కోదానికి కనీసం పదేసి సైటేషన్లు ఉంటే మీ అంకె పది. ఉద్యోగమివ్వాలన్నా, ప్రమోషనివ్వాలన్నా చాలాచోట్ల ఇలాంటి అంకెలే చూస్తున్నారు.

మరి ఆ అంకె ఎంత నిజం? 1951లో లౌరీ, మరి ముగ్గురూ ప్రొటీన్లను కొలిచే పద్ధతి గురించి రాసిన పత్రానికి 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. డి.ఎన్.ఎ. మెలిక నిచ్చెన రూపాన్ని చెప్పిన 1953 నాటి పత్రమో, 2014లో లెక్క తీస్తే మొదటి నూరింటిలో లేనేలేదు! ప్రయోగశాలలో రోజూ పనికొచ్చే పద్ధతిని అందరూ ఉటంకిస్తారు మరి. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. దాన్ని ఇప్పటికీ ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ అనే అంటారు. ఆనాడు పత్రం మీద రెండో పేరు ఉండబట్టే కదా, వందేళ్ల తర్వాత కూడా ఆ పేరు వినిపిస్తోంది!

సొమ్మొకడిది, సోకొకడిది

కలిగినవారికి అందరూ చుట్టాలే అంటాం కదా. పరిశోధనలోనూ అంతేనట. ఇద్దరు కలిసి చేసినా పేరంతా అప్పటికే పేరున్నవాళ్లకే పోతుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లో రాశారు. ఉన్నవాడికే ఇంకా చేరుతుందన్న అర్థం వచ్చే మాట బైబిల్లో మత్తయి సువార్తలో ఉంది. అందుకని దానికి ‘మాథ్యూ ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు.

అసలు విడ్డూరం ఇక్కడే ఉంది. ఆ వ్యాసానికి ఆధారం హారియెట్ జుకర్‌మన్ అనే ఆవిడ నోబెల్ గ్రహీతల్ని కలిసి చేసిన ఇంటర్వ్యూలు. ఆవిడ పేరు ఫుట్‌నోట్లలో ఉంది. రచయిత పేరుండే చోట మాత్రం మెర్టన్ ఒక్కరే! పేరున్నవాళ్లకే పేరు దక్కుతుందని చెప్పే వ్యాసంలోనే అలా జరిగింది. 1973లో మెర్టన్ తనంతట తానే ఒప్పుకున్నారు. ఆమె సేకరించినదాన్ని అంతగా వాడుకున్నాను కాబట్టి అది ఇద్దరి పేరు మీదా రావలసిందనీ, ఆ సంగతి తనకు ఆలస్యంగా తెలిసివచ్చిందనీ రాశారు. తర్వాత 1993లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆయన ఎంత ఒప్పుకున్నా ఆ వ్యాసాన్ని ఉటంకించేవాళ్లు ఇప్పటికీ ఆయన పేరొక్కటే రాస్తారు. అచ్చయిన పేజీ మారదు కదా!

అదే 1993లో చరిత్రకారిణి మార్గరెట్ రోసిటర్, ఆడవాళ్ల పని మగవాళ్ల ఖాతాలో పడటానికి ‘మటిల్డా ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ అన్యాయం గురించి రాసిన మటిల్డా గేజ్ పేరది.

పేరు వేసినా ఒక్కోసారి గుర్తింపు దక్కదు. కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న జోసెలిన్ బెల్ 1967లో బారెడు కాగితాల మీది గీతల్ని పరిశీలిస్తూ పల్సార్ల జాడ పట్టుకున్నారు. 1968 నాటి పత్రంలో అయిదు పేర్లలో ఆమెది రెండోది. 1974లో దాని మీద నోబెల్ వచ్చింది మాత్రం ఆమె గైడు హ్యూయిష్‌కి. 2018లో ఆమెకు 30 లక్షల డాలర్ల బహుమతి వస్తే, అదంతా చదువుకునే అవకాశాలు తక్కువైన పిల్లల స్కాలర్‌షిప్పులకే ఇచ్చేశారు!

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకుంటున్నారా? అమెరికన్ యూనివర్సిటీల్లోని పరిశోధక బృందాల జీతాల రికార్డుల్ని, అచ్చయిన పత్రాలతో పోల్చిచూసిన అధ్యయనం ఒకటి 2022లో వచ్చింది. బృందంలో ఉన్న ఆడవాళ్లకు పత్రం మీద పేరు పడే అవకాశం మగవాళ్లకన్నా 13 శాతం తక్కువని తేలింది. 2016లో వచ్చిన మరో అధ్యయనంలో, మగవాళ్లు తమ పాత పత్రాల్ని తామే ఉటంకించుకోవడం ఆడవాళ్లకన్నా 56 శాతం ఎక్కువని బయటపడింది. మన డప్పు మనం కొట్టుకోవడం మనకి నేర్పలేదుగా!

ఇంటిపేరు తెచ్చిన తంటా

మా చెల్లెలికి ఇంకో చిక్కు వచ్చింది. పెళ్లికి ముందు అచ్చయిన పత్రాలు పుట్టింటి ఇంటిపేరుతో, తర్వాతివి అత్తింటి ఇంటిపేరుతో ఉన్నాయి. ‘‘కంప్యూటర్ దృష్టిలో నేను ఇద్దరు మనుషుల్నక్కా! ఒక్కోదానికి సగం లెక్క’’ అంటూ నవ్వింది. పైగా మన ఇంటిపేరు ముందుంటుంది, పాశ్చాత్యులది చివర. వాళ్ల సూచికలో మన లక్ష్మిలందరూ ‘లక్ష్మి’ అనే ఇంటిపేరు గల ఒకే కుటుంబం వాళ్లయిపోతారు! దీనికి విరుగుడుగా 2012లో ‘ఆర్కిడ్’ అనే పదహారంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. ఇంటిపేరు మారినా అంకె మారదు. దీనికి రుసుమేమీ లేదు. చదువుకునే ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ మాట చెప్పండి. మొదటి పత్రం పంపేముందే అది తీసుకోమనండి. ఏ పేరుతో రాయాలో కూడా అప్పుడే తేల్చుకోమనండి.

ఎవరేం చేశారో విడివిడిగా చెప్పే పద్ధతీ ఒకటి వచ్చింది. ఆలోచన ఎవరిది, సమాచారం సేకరించిందెవరు, లెక్కలు కట్టిందెవరు, రాసిందెవరు... ఇలా పద్నాలుగు రకాల పనులకు ‘క్రెడిట్’ అనే పట్టిక ఉంది. చాలా పత్రికలు ఇప్పుడు దాన్ని అడుగుతున్నాయి. ఇక పేరు వేసే విషయం పని చివర్లో కాదు, మొదట్లోనే మాట్లాడుకోవాలంటుంది మా చెల్లెలు. చివర్లో అడిగితే గొడవ పెట్టుకున్నట్టుంటుంది. మొదట్లో అడిగితే మామూలు మాటలా ఉంటుంది.

ఇంతకీ బాబాయి పుస్తకాన్ని ఈ ఏడాది అచ్చు వేయించాలని మా చెల్లెలి పట్టుదల. అట్ట మీద ‘పాటల సేకరణ’ అని పిన్ని పేరు ఉండాలని మేమిద్దరం అన్నాం. బాబాయి కాసేపు మాట్లాడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ‘‘అప్పట్లో నాకు తట్టనే లేదమ్మా’’ అన్నారు.

పిన్ని లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె అడుగునుంచి నాలుగు పాత నోటుబుక్కులు తెచ్చింది. ప్రతి పాట కిందా ఎవరు పాడారో, ఏ వీధో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పెన్సిలుతో రాసి ఉంది. థీసిస్‌లో వాళ్లందరూ ‘ఒక వృద్ధురాలు’ అయిపోయారు.

‘‘నా పేరు వేస్తే వేయండి గానీ, వీళ్లవి కూడా వెయ్యాలి మరి’’ అంది పిన్ని.

మొత్తం నలభై ఒక్క పేర్లు. బాబాయి కాగితం, కలం తీసుకున్నారు. పిన్ని చదువుతుంటే ఆయన సాపు రాయడం మొదలుపెట్టారు.