ఖిల శబ్దార్థ విచారము

తెలుగున 'ఖిలము' అనగానే శిథిలము, నష్టము అను అర్థములు స్ఫురించును. పోతన భాగవతమున ఖిలమైన భాగములను గంగన, సింగన, నారయలు పూరించిరని మనము బోధించుచుందుము. ఈ వాడుక దోషము కాదు. కాని దీనినే మూలార్థముగా గ్రహించి శాసనములను, పురాణములను చదివినచో పొరపాటు తప్పదు.

అమరసింహుడు భూమివర్గమున ఖిల, అప్రహత శబ్దములను పర్యాయములుగా చెప్పెను. ప్రహతమనగా కొట్టబడినది, నాగటి దెబ్బ తగులనిది అప్రహతము. మరు, ధన్వ శబ్దముల వెంటనే ఈ జంట వచ్చినదని ఖిలమును ఎడారిగా భావింపరాదు. ఇవి రెండే పర్యాయములని కోశకారుడు సంఖ్యతో నియమించెను. చవిటినేలకు ఊషరమను వేరు పేరు కలదు. కావున ఖిలత్వము నేలలోని దోషము కాదు, కర్షణము లేకపోవుట మాత్రమే.

దీనికి శ్రుతియు అనుకూలముగా ఉన్నది. శతపథ బ్రాహ్మణము 8వ కాండమున, వాలఖిల్యేష్టకల ప్రకరణమున, రెండు ఉర్వరల నడుమ దున్నబడక మిగిలిన నేలను ఖిలమందురని కలదు.

గుప్త సంవత్సరము 124 (క్రీ.శ. 443-44) నాటి దామోదర్‌పూర్ తామ్రశాసనమున, ఉత్తర వంగదేశపు బ్రాహ్మణుడొకడు అగ్నిహోత్రమునకై అప్రద, అప్రహత, ఖిల క్షేత్రమును కోరెను. అనగా అంతకుముందు ఎవరికిని ఈయబడనిది, దున్నబడనిది అని భావము. వెల కుల్యవాపమునకు 3 దీనారములు. ఖిలమనగా చెడిపోయిన నేలయే అయినచో దానికి బంగారు నాణెములు చెల్లించుట పొసగదు. మొద్దులను కొట్టి నేలను బాగుచేసినవానిదే కేదారమని మనువు చెప్పుటయు ఇట్టి భూమి విలువను సూచించుచున్నది.

అఖిల శబ్దమును ఇట్లే సమన్వయింపవచ్చును. నడుమ బీడు మిగులని పొలము వలె వెలితి లేనిది అఖిలము. హరివంశము భారతమునకు ఖిలమన్నప్పుడు, ప్రధాన క్షేత్రమున చేరక దానిని అంటియున్న భాగమని గ్రహింపవలెను. ఆ పేరును బట్టియే అది నిస్సారమని త్రోసిపుచ్చుట తగదు. అది ప్రక్షిప్తమా కాదా అనునది వేరు విచారము. దానికి ప్రమాణములు వేరు.

కావున శాసనములను తెనిగించువారు ఖిలక్షేత్రమును 'పాడునేల' అనక 'బీడు' అనుట యుక్తము. పాడుపడినది పూర్వవైభవమును కోల్పోయినది. బీడు నాగలికై వేచియున్నది. విద్యార్థులకు ఈ భేదమును ముందుగా తెలిపినచో శాసనార్థము చెడదు.