రెండడుగుల సముద్రానికి ఏ కెమెరా?

పది మీటర్లు, పదిహేను మీటర్లు, ముప్పై మీటర్లు.. అండర్‌వాటర్ కెమెరా కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనిపించేవి ఈ అంకెలే. ఎంత లోతు తట్టుకుంటే అంత గొప్ప కెమెరా అనిపిస్తుంది. మరి మీరు ఫొటో తీయాల్సిన రీఫ్ ట్యాంకు లోతెంత? మహా అయితే రెండడుగులు!

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు, క్లౌన్ ఫిష్‌లు, రొయ్యలు ఉండే ఉప్పునీటి అక్వేరియం. అది మీ ఇంట్లోదే కావచ్చు, మావయ్య వాళ్ల హాల్లోది కావచ్చు. లేదంటే అక్వేరియం షాపాయన ‘తమ్ముడూ, మా ఇన్‌స్టాకి నాలుగు ఫొటోలు తీసిపెట్టు, ఎంతో కొంత ఇస్తా’ అని ఉండొచ్చు. చదువుకుంటూ నాలుగు డబ్బులొస్తే ఎవరికి చేదు? కాకపోతే ఆ నాలుగు డబ్బుల కోసం ఈఎంఐలో కెమెరా కొనేముందు కాస్త ఆగండి.

ట్యాంకులో అసలు శత్రువు నీళ్లు కాదు, నీలం లైటు. పగడాల ఒంట్లో సూక్ష్మ శైవలాలు ఉంటాయి. వాటి కిరణజన్య సంయోగక్రియకు నీలికాంతి బాగా పనికొస్తుంది. అందుకే రీఫ్ లైట్లలో 450 నానోమీటర్ల దగ్గరి నీలం ఎల్ఈడీలు ఎక్కువ. ఆ వెలుగులో పగడాలు ఆకుపచ్చగా, నారింజ రంగులో మెరుస్తుంటే మన కంటికి అద్భుతంగా ఉంటుంది. ఫోను తీసి క్లిక్‌మనిపించారా.. ఉజాలా బాటిల్ ఒలికినట్టు వస్తుంది. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ అంత నీలాన్ని సరిదిద్దలేదు. పైగా సెన్సర్‌లో నీలం ఛానల్ నిండిపోయి ‘క్లిప్’ అవుతుంది. అలా పోయిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా వెనక్కి తేలేదు. ఇమేజ్ ప్రాసెసింగ్ ఎలక్టివ్ తీసుకున్నవాళ్లకి ఇది తెలిసిన సంగతే, ఇక్కడ కళ్లెదుట కనిపిస్తుంది.

కాబట్టి స్పెక్ షీట్‌లో మీరు వెతకాల్సినవి మూడే. రా ఫార్మాట్‌లో ఫొటో తీయగలదా? వైట్ బ్యాలెన్స్ మన చేతులతో సెట్ చేయొచ్చా? ఎంత దగ్గరి వస్తువుని ఫోకస్ చేస్తుంది?

ఈ మూడూ పెట్టుకుని చూడండి, లెక్కలు తారుమారవుతాయి. 2017లో వచ్చిన నికాన్ డబ్ల్యూ300 ముప్పై మీటర్ల లోతు తట్టుకుంటుంది, కానీ రా లేదు. 2019 నాటి ఒలింపస్ టీజీ-6, దాని తర్వాత 2023లో వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7 పదిహేను మీటర్లకే పరిమితం. అయినా రా ఉంది, మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్స్‌కి సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా పట్టేస్తాయి. బఠాణీ గింజంత పాలిప్‌ని తీయాలంటే కావాల్సింది అదే. గోప్రోలు వీడియోకి భేష్, మామూలు లెన్స్‌తో మాత్రం అడుగు దూరం లోపల ఫోకస్ కుదరదు. హీరో 13తో విడిగా కొనుక్కునే మ్యాక్రో లెన్స్ పెడితే 11 సెంటీమీటర్ల దాకా వెళ్లొచ్చు. నన్నడిగితే, నీళ్లలో ముంచి తీయాలనే పట్టుదల ఉంటే టీజీ సిరీస్, అదీ సెకండ్ హ్యాండ్‌లో.

అసలు ముంచాలా?

చాలా ఫొటోలకు అక్కర్లేదు. చేతిలో ఉన్న ఫోన్‌తో మొదలుపెట్టండి. గదిలో లైట్లు ఆర్పి, అద్దం తుడిచి, లెన్స్‌ని అద్దానికి సూటిగా ఆనించండి. ఏటవాలుగా పెడితే కాంతి వక్రీభవనం వల్ల అంచుల్లో రంగులు చెదురుతాయి. ట్యాంకు లైటును కాసేపు తెలుపు వైపు మార్చండి, ఓనరుని అడిగితే కాదనడు. ప్రో మోడ్‌లో రా ఆన్ చేసి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి. లెన్స్ ముందు నారింజ రంగు ఫిల్టర్ పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఒక తెల్ల ప్లాస్టిక్ స్పూన్‌ని అదే వెలుగులో పెట్టి ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, ఎడిటింగ్‌లో ‘తెలుపు ఇదీ’ అని చూపించడానికి పనికొస్తుంది.

పగడాలు అసలు అందంగా కనిపించేది పైనుంచి. అక్కడ అలల వల్ల బొమ్మ వణుకుతుంది. అడుగున పారదర్శకమైన యాక్రిలిక్ బిగించిన చిన్న డబ్బాని నీటిపై ఆనించి, అందులోంచి తీస్తే వణుకు పోతుంది. అండర్‌వాటర్ కెమెరా చేసే పనిలో ముప్పావు వంతు ఈ డబ్బా చేసేస్తుంది. ‘నా ఫోన్ ఐపీ68 కదా’ అని మాత్రం ముంచకండి. ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు, ఇది ఉప్పునీరు. పైగా నీళ్లలో టచ్ స్క్రీన్ సరిగా పనిచేయదు.

ఎడిటింగ్‌లో చేయి పారేసుకోవద్దు. ఫొటో చూసి పగడం కొనే మార్కెట్లు విదేశాల్లో పెద్దవే. అక్కడ కొనేవాళ్ల ప్రధాన ఫిర్యాదు, స్క్రీన్ మీద కనిపించిన రంగు పార్సిల్‌లో లేకపోవడం. కంటికి కనిపించిన రంగునే ఇవ్వగల ఫొటోగ్రాఫర్‌కి రెండోసారి కూడా పని దొరుకుతుంది.

షాపు పని ఒప్పుకునే ముందు ఇంకో సంగతి చూసుకోండి. మన దేశంలో రాతి పగడాలు, సీ ఫ్యాన్‌లు, సీ హార్స్‌లను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. మన సముద్రంలోంచి తీసినవాటిని అమ్మడం నేరం. ‘అన్నీ ఇంపోర్టెడ్’ అంటే కాగితాలు చూపించమనండి. చూపించకపోతే, మీ పేరుతో ఆ ఫొటోలు బయటికి వెళ్లకపోవడమే మంచిది.

ఇక చేయి నీళ్లలో పెట్టాల్సి వస్తే హీటరు, పంపుల ప్లగ్గులు తీసేయండి. సబ్బు, క్రీము లేకుండా చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకోండి. పాలిథోవా లాంటి కొన్ని పగడ జాతుల్లో ప్రమాదకరమైన విషం ఉంటుంది, ఆ చేత్తో కళ్లు నలుపుకుంటే ఆసుపత్రి పాలే. తీయడం అయ్యాక కెమెరాని మంచినీళ్లలో కాసేపు నాననివ్వండి, మూత రబ్బరు మీద వెంట్రుక చిక్కిందేమో చూడండి. ఆ హడావిడిలో తీసేసిన ప్లగ్గులు తిరిగి పెట్టడం మరవొద్దు. నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లారేసరికి చేపలు పైకి తేలతాయి.