గాలి పోయినా నడిచే టైరు

పిల్లలూ! మీకొక చిన్న ప్రశ్న. కారు బరువును మోసేది ఏది? చక్రాలని కొందరంటారు. రబ్బరు టైర్లని మరికొందరంటారు. రెండూ సరి అయిన జవాబులు కావు. మీరు ఆలోచిస్తూ ఉండండి. ఈలోగా మా వీధిలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

నేను ముప్ఫై యేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా ఇల్లు హైదరాబాదులో, అమీర్‌పేటలో ఉన్నది. మూడేళ్ళ కిందట ఒక వానాకాలపు రాత్రి, పదకొండు దాటిన తరవాత, పక్కింటాయన వచ్చి తలుపు తట్టాడు.

"మాస్టారూ, అమ్మకు ఊపిరి ఆడటం లేదు. కాస్త తోడు వస్తారా?" అన్నాడు.

ముసలమ్మను ఆయన కారు వెనక సీటులో ఆనించి కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. పంజగుట్టలో ఉన్న నిమ్స్ ఆసుపత్రికి బయలుదేరాం. అదేమీ దూరం కాదు. మెట్రో రైలులో అయితే అమీర్‌పేట తరవాతి స్టేషనే పంజగుట్ట.

పెద్ద రోడ్డు ఎక్కామో లేదో, కారు ఒక పక్కకు లాగసాగింది. దిగి చూస్తే ముందు చక్రంలో గాలి లేదు. పక్కింటాయన పరుగున వెళ్ళి డిక్కీ తెరిచి స్టెప్నీని బయటికి లాగాడు. అది నేల మీద పడి ఎగరలేదు, దొప్పున కూలబడ్డది. అందులోనూ గాలి లేదు! ఎన్నాళ్ళనుంచో దాన్ని ఎవరూ చూడలేదు. దగ్గరలో ఉన్న పంక్చరు దుకాణం ఆ వేళకు మూసేశారు.

కడకు ఒక ఆటో దొరికింది. ఆసుపత్రి చేరాం, వైద్యం జరిగింది. అయిదో రోజున ఆమె క్షేమంగా ఇంటికి వచ్చింది. కాని ఆ వానలో ఆటో కోసం నిలబడిన పదిహేను నిమిషాలనూ నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

పక్కింటాయన మరీ మరిచిపోలేదు. "ఈసారి కొంటే గాలి పోయినా ఆగని టైర్లున్న కారే కొంటాను" అని పట్టుపట్టి, మరుసటి ఏడు అలాంటి కారే కొన్నాడు. ఆ టైర్లను రన్‌ఫ్లాట్ టైర్లు అంటారు.

మొన్న ఆయన మొహం వేళ్ళాడేసుకుని వచ్చాడు. "మాస్టారూ, టైరులో మేకు దిగింది. బాగుచెయ్యడానికి వీల్లేదు, కొత్తది వెయ్యాలి అంటున్నారు. నేను చేసింది మంచి పనో, తెలివితక్కువ పనో మీరు లెక్క వేసి చెప్పాలి" అన్నాడు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనుమరాలు పలకలాంటి అట్టా, కాగితమూ తెచ్చుకుని కూర్చున్నది. ఆ లెక్కే మీకు చెప్పబోతున్నాను.

ముందు మన ప్రశ్నకు జవాబు. కారును మోసేది గాలి! నమ్మకం కుదరదా? అయితే గుణించి చూడండి. కారు బరువు 1,200 కిలోలు అనుకుందాం. ఒక్కొక్క చక్రం మీద 300 కిలోలు, అంటే సుమారు 660 పౌన్లు పడుతుంది. పెట్రోలు బంకులో గాలి కొట్టేవాడు "33 పెట్టాను" అంటాడు గదా! లోపలి గాలి ప్రతి చదరపు అంగుళాన్నీ 33 పౌన్ల బలంతో తోస్తున్నదని దాని అర్థం. 660ని 33తో భాగించండి. 20 వస్తుంది. కనక ఒక్కొక్క టైరు ఇరవై చదరపు అంగుళాల మేర, అంటే అయిదు అంగుళాల పొడుగూ నాలుగు అంగుళాల వెడల్పూ ఉన్న చోటున, నేలను తాకి ఉంటే చాలు. అది మీ నాన్నగారి అరచేయంత ఉంటుంది. అలాంటి నాలుగు అరచేతుల మీద కారంతా నిలబడి ఉన్నదన్నమాట!

గాలిని చక్రంలో బంధించాలని మొదట తోచినవాడు రాబర్ట్ విలియం థామ్సన్. ఆయన 1845లో దానికి పేటెంటు పొందాడు. కాని లోకం దాన్ని మరిచిపోయింది. 1888లో బెల్ఫాస్టు నగరంలో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు, తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు లేకుండా నడవాలని, గాలి టైరును తిరిగి కనిపెట్టాడు. ఒక తండ్రి ముచ్చట ఇప్పుడు లోకమంతటినీ మోస్తున్నది.

అమీర్‌పేటలో రోడ్డు మీద నిలబడి తల ఎత్తి చూడండి. పైన మెట్రో రైలు ఉక్కు చక్రాల మీద పోతుంటుంది. దానికి పంక్చరు భయం లేదు. ఎందుకంటే నున్నటి పట్టాలు దానికి దారి. కింద పోయే కారుకు గుంటలు, రాళ్ళు, మేకులు అన్నీ ఎదురవుతవి. ఆ కుదుపులను మింగడానికి గాలి కావాలి. గాలి ఉన్నచోట అది పోయే భయమూ ఉంటుంది.

మరి గాలి పోయినా రన్‌ఫ్లాట్ టైరు ఎలా నడుస్తుంది? ఒక గోనెసంచినీ, ఒక వెదురు గంపనూ తీసుకోండి. రెంటినీ ధాన్యంతో నింపితే రెండూ నిలబడతవి. ధాన్యం తీసేస్తే సంచి కూలబడుతుంది, గంప నిలబడే ఉంటుంది. మామూలు టైరు పక్కగోడ గోనెసంచి లాంటిది. గాలి పోగానే మడిచిపోయి, ఇనుప రిమ్ముకూ నేలకూ మధ్య నలిగి చిరిగిపోతుంది. రన్‌ఫ్లాట్ టైరు పక్కగోడలో వేడికి ఓర్చే గట్టి రబ్బరును మందంగా అమర్చుతారు. గాలి ఉన్నంతకాలం దాన్ని కూడా గాలే మోస్తుంది. గాలి పోయినప్పుడు ఆ గోడ బరువును భుజాన వేసుకుంటుంది. వేగంగా పోయేటప్పుడు హఠాత్తుగా గాలి పోయినా కారు అదుపు తప్పే ప్రమాదం తగ్గుతుంది. ఇది చిన్న మేలు కాదు.

కాని ఆ గోడ ఎల్లకాలం మొయ్యలేదు. ఒక ఇనుపతీగను అటూ ఇటూ పదిసార్లు వంచి, వంచినచోట ముట్టుకోండి. వెచ్చగా ఉంటుంది. గాలి లేని టైరు గోడ ప్రతి చుట్టుకూ అలా వంగి లేస్తుంది. లోపల వేడి పెరిగి రబ్బరు చెడుతుంది. అందుచేత తయారీదారులు సాధారణంగా ఒక హద్దు పెడతారు: గంటకు 80 కిలోమీటర్లకు మించని వేగంతో, సుమారు 80 కిలోమీటర్ల దూరం. అంతే. పైగా గోడ గట్టిగా ఉండటంవల్ల గాలి పోయిన సంగతి కంటికి సరిగా తెలియదు. అందుకని ఇలాంటి కార్లలో గాలి తగ్గితే వెలిగే హెచ్చరిక దీపం తప్పకుండా ఉండాలి.

ఇక మా మనుమరాలి లెక్క. ధరలు కారును బట్టి, కొలతను బట్టి మారుతుంటవి. లెక్క సులువుగా ఉండాలని మేము కొన్ని అంకెలు అనుకున్నాం: మామూలు టైరు 10,000 రూపాయలు, రన్‌ఫ్లాట్ టైరు 15,000, పంక్చరు వెయ్యడానికి 200.

"నాలుగు టైర్లకు తేడా 20,000. దాన్ని 200తో భాగిస్తే 100. నూరు మేకులు దిగితే తప్ప మామయ్యకు గిట్టుబాటు కాదు, తాతయ్యా!" అన్నది మా మనుమరాలు.

"స్టెప్నీని మరిచిపోయావే! మామూలు కారుకు అయిదో టైరు కావాలి, దానికి రిమ్ము కావాలి. రిమ్ముకు 5,000 వేసుకో" అన్నాను. అప్పుడు మామూలు టైర్ల ఖర్చు 55,000 అయింది, రన్‌ఫ్లాట్ల ఖర్చు 60,000. తేడా అయిదువేలే! అంటే ఇరవై అయిదు పంక్చర్లు. పక్కింటాయన ముఖం కాస్త వికసించింది.

కాని మా మనుమరాలు ఊరుకుంటుందా? "టైర్లు అరిగిపోయాక స్టెప్నీని మళ్ళీ కొనక్కర్లేదుగా! రెండోసారి 40,000, 60,000. మళ్ళీ తేడా 20,000. అందులో ఒక్క రన్‌ఫ్లాట్ పాడైనా 15,000 పోయినట్టే. అది 75 పంక్చర్ల డబ్బు!" అన్నది. దాని లెక్క సరిగానే ఉన్నది.

ఇవి కాక డబ్బుకు అందని ఖర్చులు ఉన్నవి. గోడ గట్టిది కనక గుంటలలో కుదుపు మామూలు టైరుకన్న ఎక్కువగా తెలుస్తుంది. బరువూ కాస్త ఎక్కువే. ఆ కొలత టైరు చిన్న ఊళ్ళలో వెంటనే దొరక్కపోవచ్చు. గోడ పెద్దగా కోసుకుపోతే రన్‌ఫ్లాట్ అయినా ఏమీ చెయ్యలేదు.

"అయితే నేను మోసపోయినట్టేనా, మాస్టారూ?" అన్నాడు పక్కింటాయన.

"ఆ రాత్రి వానలో నిలబడిన పదిహేను నిమిషాలకు మీరు ఎంత వెల కడతారు?" అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. చూశారా పిల్లలూ, మనుమరాలి కాగితం మీద ఆ అంకెకు చోటు లేదు. రన్‌ఫ్లాట్ అమ్మేది రబ్బరు కాదు, చిక్కుకుపోకుండా ఉండటం. మేకు దిగినా దిగకపోయినా దాని ఖరీదు ముందే చెల్లించాలి. కాబట్టి "నేను ఎక్కడ చిక్కుకుంటాను?" అని ఎవరికి వారు అడగవలసిందే.

అమీర్‌పేట, పంజగుట్టల మధ్య మాత్రమే తిరిగేవాళ్ళకు ఆటో ఉన్నది, మెట్రో ఉన్నది, పగలైతే నాలుగు అడుగులకు ఒక పంక్చరు దుకాణం ఉన్నది. ట్యూబు లేని టైరులో మేకు దిగితే దుకాణం అతను పట్టకారుతో మేకు లాగి, రంధ్రాన్ని ఆకురాయి సూదితో గీకి, జిగురు పట్టీని దూర్చి పది నిమిషాలలో పంపిస్తాడు. అటువంటి చోట మామూలు టైరు చాలును. కాని రాత్రివేళ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద, లారీలు దూసుకుపోతుంటే, పక్కన జాకీ పెట్టుకుని పానాతో నట్లు విప్పటం ప్రాణాపాయం. 80 కిలోమీటర్లంటే ఆ వలయంలో సగానికి పైగా! శ్రీశైలం దారిలో నల్లమల అడవి మధ్య కూడా ఆ దూరం విలువ అంతా ఇంతా కాదు. దుండగులు కాల్చినా ఆగకూడని ప్రముఖుల కార్లకు గాలి పోయినా సాగే టైర్లను అమర్చేది ఇందుకే.

మధ్యేమార్గం కూడా ఒకటి ఉన్నది. 2020లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. ట్యూబు లేని టైర్లూ, గాలి తగ్గితే తెలిపే పరికరమూ, పంక్చరు వేసుకునే సామగ్రీ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదన్నది. చిన్న గాలిమిషను ఒకటి దగ్గర ఉంచుకుంటే చాలా పంక్చర్లు అక్కడికక్కడే గట్టెక్కుతవి.

అన్నట్టు, స్టెప్నీ అనే మాట ఎక్కడిదో తెలుసా? 1904లో వేల్సు దేశంలో, లనెల్లి అనే ఊళ్ళో, డేవీస్ సోదరులు అదనపు చక్రాన్ని తయారుచేశారు. వారి దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ! ఆ వీధిని ఎన్నడూ చూడని మన మెకానిక్కులు రోజూ దాని పేరు పలుకుతున్నారు.

చివరికి పక్కింటాయన టైరు సంగతి. "హెచ్చరిక దీపం వెలగలేదా?" అని అడిగాను. ఆయన తల గోక్కుని, "వెలిగింది. గాలి పోయినా నడుస్తుందిగదా అని రెండు రోజులు అలాగే తిరిగాను" అన్నాడు. దుకాణంలో టైరు విప్పితే లోపల నల్లటి రబ్బరు పొడి రాలిందట. గోడ లోలోపలే నలిగిపోయింది. అలాంటి టైరు పైకి బాగానే కనిపిస్తుంది, కాని దాన్ని నమ్మరాదు. దీపం వెలిగిన వెంటనే దుకాణానికి పోయి ఉంటే, బహుశా 200 రూపాయలతో పోయేది!

చూడండి, మొదటి కారులో స్టెప్నీ ఉన్నా ఎవరూ చూడలేదు. రెండో కారులో దీపం వెలిగినా ఎవరూ లక్ష్యపెట్టలేదు. రెండు సార్లూ మోసం చేసింది టైరు కాదు.

పక్కింటాయన కొత్త రన్‌ఫ్లాట్ టైరే వేయించాడు. "మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇవే" అన్నాడు. నేను కాదనలేదు. కాని గోడ మీద రెండు సంగతులు రాయించాను. ఒకటి: నెలకొకసారి, కారు చల్లగా ఉన్నప్పుడు, టైర్లలో గాలి చూడాలి, స్టెప్నీ ఉన్నవాళ్ళు దాన్నీ చూడాలి. రెండు: ఇంట్లో ఎవరికైనా ఊపిరి ఆడకపోతే మొదట చెయ్యవలసిన పని 108కి ఫోను చెయ్యటం. ఆ సేవ 2005లో మన హైదరాబాదులోనే మొదలైంది. ఆ రాత్రి కంగారులో మా ఇద్దరికీ అది తోచనే లేదు!

మీ ఇంట్లో కారు ఉంటే, ఈ ఆదివారం నాన్నగారితో కలిసి డిక్కీ తెరిచి చూడండి. స్టెప్నీ ఉన్నదా? అందులో గాలి ఉన్నదా? కారు లేకపోతే స్కూటరు, సైకిలు ఉంటవిగదా. వాటినీ మోసేది గాలే!