మూరెడు దూరంలో పతకం

ఎడిటర్ గారు రాయమన్నది సింగపూర్ గురించి. 2025 జులైలో అక్కడ జరిగిన ప్రపంచ ఈత పోటీల్లో పురుషుల 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను దక్షిణాఫ్రికా కుర్రాడు పీటర్ కోట్జీ 51.85 సెకన్లలో గెలిచాడు. రెండోవాడు 51.90, మూడోవాడు 51.92. ముగ్గురికీ కలిపి తేడా సెకనులో ఏడు నూరోవంతులే. ముఖచిత్రానికి సరిపడా కథే అది. కానీ కోట్జీ పాత ఫలితాలు తిరగేస్తుంటే మూడేళ్ల నాటి పట్టిక ఒకటి కనిపించింది. శుక్రవారం సాయంత్రానికి వ్యాసం అందాలి. అయినా ఆ పట్టికను దాటి ముందుకు పోలేకపోయాను.

అది 2022 జులై 30 నాటిది. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు, శాండ్‌వెల్ ఈతకొలను, పురుషుల 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ ఫైనల్. పద్దెనిమిదేళ్ల కోట్జీకి బంగారం, 53.78. ఇంగ్లండ్ ఈతగాడు బ్రోడీ విలియమ్స్‌కు వెండి, 53.91. ఆస్ట్రేలియాకు చెందిన బ్రాడ్లీ వుడ్‌వార్డ్‌కు కంచు, 54.06. ఇంకా కిందికి వస్తే ఏడో పేరు మన బెంగళూరు అబ్బాయి శ్రీహరి నటరాజ్‌ది. సమయం 54.31.

ఇప్పుడు ఆ మొదటి అంకెను మళ్లీ చూడండి. 53.78. ఈ రేసుకు పదమూడు నెలల ముందు, 2021 జూన్ 27న, రోమ్‌లో శ్రీహరి ఈదిన సమయం 53.77.

బర్మింగ్‌హామ్‌లో బంగారం తెచ్చిన ఈత కన్నా నూరోవంతు సెకను వేగం. అలాంటి ఈత ఒక భారతీయుడు అప్పటికే ఈదేశాడు. ఆ వేగంలో నూరోవంతు సెకనుకు మనిషి కదిలేది రెండు సెంటీమీటర్ల లోపే, బొటనవేలి గోరంత.

రోమ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. సెట్టె కొల్లి ట్రోఫీ అని అక్కడ ఏటా జరిగే పోటీ. టోక్యో ఒలింపిక్స్‌కు నేరుగా వెళ్లాలంటే ‘ఎ’ ప్రమాణం 53.85 సెకన్లు. శ్రీహరి మొదట 53.90 ఈదాడు. జాతీయ రికార్డే, కానీ ఐదు నూరోవంతులు తక్కువ పడింది. అదే పోటీలో కేరళ ఈతగాడు సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైలో 1:56.38తో ఆ గీత దాటాడు. నేరుగా అర్హత సాధించిన తొలి భారతీయ ఈతగాడు అతనే. శ్రీహరికి చివరి రోజు ఒక టైమ్ ట్రయల్ దొరికింది. పతకం లేదు, స్థానం లేదు, గడియారం ఒక్కటే. అందులో వచ్చింది 53.77. అంతర్జాతీయ సమాఖ్య దాన్ని ఆమోదించేదాకా మరికొన్ని రోజులు ఆగాల్సి వచ్చింది. కరోనా వల్ల 2020లో మన దేశంలో ఈతకొలనులు నెలల తరబడి మూతపడ్డాయన్నది గుర్తుంచుకుంటే ఆ అంకె విలువ ఇంకా బాగా తెలుస్తుంది. నీళ్లు దొరకని ఈతగాడు ఇంట్లో ఎన్ని కసరత్తులు చేసినా, చేతికి నీటి పట్టు తప్పిపోతుంది.

నెల తిరిగేసరికి టోక్యో. జులై 25న హీట్స్‌లో 54.31, మొత్తం మీద 27వ స్థానం. సెమీస్‌కు పోయేది పదహారు మందే. ఆ 54.31 మళ్లీ ఏడాదికి బర్మింగ్‌హామ్ ఫైనల్లో కనిపించింది. అదే సమయం ఒకచోట ఇంటికి పంపింది, ఇంకోచోట ఎనిమిది మంది ఫైనల్లో ఏడో స్థానం ఇచ్చింది.

“53.77 ఈది ఉంటే బంగారం మనదే” అనే మాట ఆ రేసు తర్వాత చాలామంది అన్నారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. టైమ్ ట్రయల్‌లో ఈతగాడి పోరు గడియారంతోనే. ఫైనల్లో పక్క లేన్లవాళ్లు లేపే అలలుంటాయి, ముందురోజు ఈదిన రెండు రేసుల అలసట ఉంటుంది. పక్కన ఇంకొకడు 53.77తో తోసుకొస్తుంటే కోట్జీ 53.78 దగ్గరే ఆగేవాడని ఎవరు చెప్పగలరు? పట్టికలో నాకు నచ్చింది వేరే. హీట్స్‌లో శ్రీహరి 54.68, సెమీస్‌లో 54.55, ఫైనల్లో 54.31. ఒత్తిడి పెరిగిన కొద్దీ వేగం పెంచాడు. కంచు పతకానికి అతనికి మధ్య పావు సెకను. ఆ వేగంలో అది నలభై ఆరు సెంటీమీటర్లు, అంటే మూరెడు. ఏడో స్థానం అని ఒక్క ముక్కలో తీసిపారేసే వాళ్లకు ఆ మూరెడు చూపించాలని ఉంది.

పలమనేరు, కుప్పం వాళ్లకు బెంగళూరు పొరుగూరే. అక్కడ కోచ్ నిహార్ అమీన్ నడిపే డాల్ఫిన్ అక్వాటిక్స్‌లో శ్రీహరి తయారయ్యాడు. మన వైపు ఈత చాలాకాలం బాయిలోనే నేర్చారు. నడుముకు బెండు కట్టి పెద్దోళ్లు తోసేస్తే, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ గట్టుకు చేరడమే బడి. అలిసిపోతే వెల్లకిల తిరిగి తేలడం. బోర్లు వచ్చి బాయిలు ఎండాక ఆ బడీ మూతపడింది. బాయిలో వెల్లకిల ఈత అంటే విశ్రాంతి. రేసులో ఆ మాటే చెల్లదు.

వెల్లకిల ఈదేవాడికి తాను పోయే గోడ కనబడదు. కనబడేది పైకప్పు. గోడకు ఐదు మీటర్ల ముందు, నీటికి 1.8 మీటర్ల ఎత్తున, కొలనుకు అడ్డంగా చిన్న జెండాల తాడు కడతారు. అది తల మీదుగా దాటగానే మనసులో లెక్క మొదలు. ఇన్ని బారలకు గోడ అని ప్రతివాడికీ తన లెక్క తనకుంటుంది. మలుపు దగ్గర బోర్లా తిరిగి పల్టీ కొట్టవచ్చు, కానీ ఆఖరి గోడను వెల్లకిలగానే తాకాలి. ఒక బార ఎక్కువ వేస్తే చెయ్యి గోడకు కొట్టుకుంటుంది. తక్కువ వేస్తే గోడ చేరేదాకా చెయ్యి చాచుకుని జారాలి, నూరోవంతులు పోయేది అక్కడే. నాకు ఈ ఈతంటే ఇష్టం అందుకే. పోటీదారు కనబడడు, గమ్యం కనబడదు, లెక్క మీద నమ్మకంతో పోవాలి.

చరిత్ర క్లుప్తంగా: ఒలింపిక్స్‌లో బ్యాక్‌స్ట్రోక్ 1900లో పారిస్‌లో మొదలైంది, అదీ సెన్ నదిలో. తూర్పు జర్మనీ ఈతగాడు రోలాండ్ మాథెస్ 1968, 1972 ఒలింపిక్స్‌లో 100, 200 మీటర్లు రెండూ గెలిచాడు. 1988 సియోల్‌లో అమెరికాకు చెందిన డేవిడ్ బెర్కాఫ్ నీటి అడుగునే చాలా దూరం పోయి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. బంగారం మాత్రం జపాన్ ఈతగాడు డైచి సుజుకికి దక్కింది. ఆ తర్వాతే అడుగున పోయే దూరానికి హద్దు పెట్టారు, ఇప్పుడది 15 మీటర్లు. పురుషుల 100 మీటర్ల ప్రపంచ రికార్డు 51.60, ఇటలీకి చెందిన థామస్ చెకోన్ 2022లో నెలకొల్పింది.

వెయ్యోవంతు ఎందుకు లెక్కించరు?

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల వ్యక్తిగత మెడ్లేలో స్వీడన్ ఈతగాడు గున్నర్ లార్సన్, అమెరికా ఈతగాడు టిమ్ మెక్‌కీ ఒకేసారి గోడ తాకినట్టు కనిపించారు. గడియారం వెయ్యోవంతు దాకా చూసి, రెండు వెయ్యోవంతుల తేడాతో లార్సన్‌కు బంగారం ఇచ్చింది. కొలను కట్టడంలో లేన్ల పొడవు అంత కచ్చితంగా ఉండదు కదా అన్న ప్రశ్న లేచింది. అప్పటి నుంచి లెక్క నూరోవంతు దగ్గరే ఆపారు. సమానమైతే ఇద్దరికీ అదే పతకం.

పారిస్, ఆపైన

2024 పారిస్‌కు శ్రీహరి ‘ఎ’ ప్రమాణంతో కాక, ఆ ప్రమాణం అందుకున్న ఈతగాళ్లు లేని దేశాలకిచ్చే యూనివర్సాలిటీ కోటాలో వెళ్లాడు. 55.01తో 33వ స్థానం. అయితే అతనికి ఇంకో రేసూ ఉంది. బర్మింగ్‌హామ్‌లో 50 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ ఫైనల్లో అతను 25.23తో ఐదోవాడు. అందులో మలుపు ఉండదు, ఒకే ఒక్క గోడ. ఆ రేసు 2028 లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది.