చెస్ క్లాక్ కొనాలా, పాత ఫోన్ సరిపోతుందా? 3+2, 15+10 సెట్టింగ్స్ గురించి పూర్తి వివరాలు

ఏ చెస్ టోర్నమెంట్ నోటీసు తీసి చూసినా రెండు విషయాలు తప్పకుండా ఉంటాయి. ఒకటి టైమ్ కంట్రోల్: 15+10, లేదా 3+2, లేదా 90+30. రెండోది, చాలా నోటీసుల్లో చివర్లో ఉండే మాట: బోర్డు, క్లాక్ ప్లేయర్లే తెచ్చుకోవాలి. మొబైల్‌లో ఆడి బాగా రేటింగ్ తెచ్చుకున్నవాళ్లు కూడా ఈ రెండు దగ్గరే ఆగిపోతారు. ఆ ప్లస్ గుర్తు ఏంటి? క్లాక్ కొనాలా? ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే నడుస్తుందా?

ఇది చిన్న విషయం కాదు. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి అయితే దాదాపు 300. తెల్లవారుజామున బస్సెక్కి, ఎంట్రీ ఫీజు కట్టి, గెలిచే పొజిషన్‌లో ఉండి క్లాక్ వల్ల గేమ్ పోగొట్టుకుంటే ఎట్లుంటుందో ఆలోచించండి. అందుకే డిజిటల్ క్లాక్ ఎలా పనిచేస్తుంది, ఏ సెట్టింగ్ ఎందుకు, ఫోన్ ఎక్కడి వరకు పనికొస్తుంది అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు చెస్ క్లాక్ ఏం చేస్తుంది?

చెస్ క్లాక్ అంటే ఒకే బాడీలో రెండు కౌంట్‌డౌన్ టైమర్లు. మీరు ఎత్తు వేసి మీ వైపు బటన్ నొక్కితే మీ టైమ్ ఆగుతుంది, ఎదుటివాళ్ల టైమ్ నడవడం మొదలవుతుంది. రెండూ ఒకేసారి నడవవు. అందుకే మామూలు స్టాప్‌వాచ్‌తో ఈ పని కాదు.

1883లో లండన్‌లో జరిగిన టోర్నమెంట్‌లో మొదటిసారి ఇలాంటి జంట గడియారాలు వాడారు. తర్వాత వచ్చిన ముళ్ల క్లాక్‌లలో 12 దగ్గర ఒక చిన్న జెండా ఉండేది. ముల్లు దాన్ని పైకి లేపి వదిలేస్తే జెండా పడిపోయేది, అంటే టైమ్ అయిపోయినట్టు. ఇప్పుడు డిజిటల్ క్లాక్‌లో ఏ జెండా లేకపోయినా "ఫ్లాగ్ పడింది" అనడం అక్కడి నుంచే వచ్చింది.

ముళ్ల క్లాక్‌తో పెద్ద సమస్య ఒకటి ఉండేది. చివరి నిమిషంలో ఎన్ని సెకన్లు మిగిలాయో సరిగ్గా తెలిసేది కాదు. గెలుపు ఖాయమైన పొజిషన్‌లో ఉన్నా, ఎత్తులు వేయడానికి సెకన్లు చాలక ఓడిపోయేవాళ్లు. దీనికి బాబీ ఫిషర్ ఒక పరిష్కారం ఆలోచించి 1988లో పేటెంట్‌కు అప్లై చేశాడు. ప్రతి ఎత్తుకు కొన్ని సెకన్లు తిరిగి జమ చేయాలన్నది అతని ఐడియా. 1992లో స్పాస్కీతో ఆడిన రీమ్యాచ్‌లో అలాంటి క్లాకే వాడారు. నోటీసులో కనిపించే ప్లస్ గుర్తు ఇదే. దీన్నే ఇంక్రిమెంట్ అంటారు.

ప్లస్ గుర్తు లెక్క

3+2 అంటే మొదట 3 నిమిషాలు, ప్రతి ఎత్తు తర్వాత 2 సెకన్లు అదనం. ఒక గేమ్‌లో ఒక్కొక్కరు 60 ఎత్తులు వేస్తారనుకుని ఫిడే లెక్కేస్తుంది. ఆ లెక్కన ఒక్కో ప్లేయర్‌కు:

- 3+2: 3 నిమిషాలు + 120 సెకన్లు = 5 నిమిషాలు. ఇది బ్లిట్జ్.
- 15+10: 15 నిమిషాలు + 600 సెకన్లు = 25 నిమిషాలు. ఇది ర్యాపిడ్.
- 90+30: 90 నిమిషాలు + 1800 సెకన్లు = 120 నిమిషాలు. ఇది క్లాసికల్.

ఫిడే నియమాల ప్రకారం ఈ మొత్తం 10 నిమిషాలు లేదా అంతకన్నా తక్కువైతే బ్లిట్జ్, 10 దాటి 60 లోపు ఉంటే ర్యాపిడ్, 60 లేదా అంతకన్నా ఎక్కువైతే క్లాసికల్ కిందికి వస్తుంది. గుడివాడకు చెందిన కోనేరు హంపి 2019లో మాస్కోలో, మళ్లీ 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మహిళల వరల్డ్ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది ఈ 15+10 ఫార్మాట్‌లోనే.

ఇప్పుడు అసలు ప్రశ్న: 5+0 మంచిదా, 3+2 మంచిదా? 60 ఎత్తుల దగ్గర రెండూ సమానమే. గేమ్ అంతకన్నా ముందే అయిపోతే 5+0లోనే ఎక్కువ టైమ్ దొరికినట్టు. కానీ గేమ్ సాగుతున్నప్పుడు తేడా తెలుస్తుంది. 5+0లో 4 సెకన్లు మిగిలితే, మీ చేతిలో రూక్ ఎక్కువ ఉన్నా మేట్ చేయలేరు. 3+2లో అవే 4 సెకన్లు ఉంటే, రెండు సెకన్లలోపు ఎత్తు వేస్తూ పోతే టైమ్ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. బోర్డు మీద గెలిచినవాడే గేమ్ కూడా గెలవాలంటే ఇంక్రిమెంట్ ఉండాలి. డిజిటల్ క్లాక్ వల్ల వచ్చిన అసలు లాభం ఇదే. స్క్రీన్ అందంగా ఉండడం కాదు.

ఇంక్రిమెంట్, డిలే ఒకటే కాదు

క్లాక్ మెనూలో గానీ, యాప్‌లో గానీ "డిలే" అనే ఆప్షన్ కూడా కనిపిస్తుంది. చాలామంది రెండూ ఒకటే అనుకుని తప్పు సెట్ చేస్తారు. తేడా ఇదీ:

మీ దగ్గర 10 సెకన్లు ఉన్నాయి, సెట్టింగ్ 2 సెకన్లు అనుకుందాం. మీరు 5 సెకన్లు ఆలోచించి ఎత్తు వేస్తే రెండు పద్ధతుల్లోనూ 7 సెకన్లు మిగులుతాయి. అదే 1 సెకన్‌లో ఎత్తు వేస్తే? ఇంక్రిమెంట్‌లో 11 అవుతుంది, డిలేలో 10 దగ్గరే ఉంటుంది. అంటే ఇంక్రిమెంట్‌లో టైమ్ దాచుకోవచ్చు, డిలేలో దాచుకోలేరు. డిలే ఎక్కువగా అమెరికా టోర్నమెంట్లలో వాడతారు. మన దగ్గర రేటెడ్ టోర్నమెంట్లకు ప్రాక్టీస్ చేసేటప్పుడు ఇంక్రిమెంట్ పెట్టుకోండి. కొన్ని క్లాక్‌లలో ఇది "ఫిషర్" అనే పేరుతో ఉంటుంది.

ఇంకో చిన్న డౌట్: 3+2 సెట్ చేస్తే కొన్ని క్లాక్‌లు మొదట్లోనే 3:02 చూపిస్తాయి. క్లాక్ పాడైందని కంగారు పడొద్దు. మొదటి ఎత్తుకు రావాల్సిన 2 సెకన్లు ముందే కలిపేశారు, అంతే.

పాత ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

ఇంట్లో, హాస్టల్‌లో, ఫ్రెండ్స్‌తో ప్రాక్టీస్‌కు పాత ఫోన్ బాగానే సరిపోతుంది. లిచెస్ యాప్‌లోనే ఉచితంగా క్లాక్ ఉంది. చెస్ డాట్ కామ్ వాళ్లది వేరే క్లాక్ యాప్ ఉంది. ఇంక్రిమెంట్ సెట్ చేసే ఆప్షన్ ఉన్న ఏ యాప్ అయినా చాలు. వాడే ముందు ఈ సెట్టింగ్స్ చేసుకోండి:

- ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయండి. గేమ్ మధ్యలో కాల్ వస్తే క్లాక్ వెనక్కి పోతుంది.
- అలారమ్‌లు ఆఫ్ చేయండి. ఏరోప్లేన్ మోడ్‌లో కూడా అవి మోగుతాయి.
- ఆటో బ్రైట్‌నెస్ ఆపేసి, ఇద్దరికీ కనిపించేంత వెలుతురు పెట్టండి.
- ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఆన్ చేయండి. తొందరలో వేలు అంచుకు తగిలి యాప్ మూసుకుపోవడం తప్పుతుంది.
- ఫోన్‌ను బోర్డు పక్కన పొడవుగా పెట్టండి. ఒక సగం మీ వైపు, ఇంకో సగం ఎదుటివాళ్ల వైపు రావాలి.

బ్యాటరీ సంగతి కూడా చూసుకోండి. 3+2 గేమ్ మొత్తం పది నిమిషాల్లో అయిపోతుంది. 90+30 అయితే ఇద్దరికీ కలిపి నాలుగు గంటల దాకా స్క్రీన్ వెలుగుతూనే ఉండాలి. బ్యాటరీ వీక్ అయిన పాత ఫోన్ అంతసేపు ఆగదు.

కానీ టోర్నమెంట్‌లో ఫోన్ పనికిరాదు. ఆర్బిటర్ పర్మిషన్ లేకుండా ఆడే చోట ఎలక్ట్రానిక్ పరికరం దగ్గర పెట్టుకోవడం ఫిడే నియమాల ప్రకారం నిషేధం. ఫోన్ దగ్గర ఉన్నట్టు తేలితే గేమ్ ఓడినట్టే. స్విచ్ ఆఫ్ చేసి బ్యాగ్‌లో ఉంచుకోనిస్తారా లేదా అన్నది ఆ టోర్నమెంట్ రూల్‌ను బట్టి ఉంటుంది, ముందే అడగండి. అందుకే "నా దగ్గర యాప్ ఉంది కదా" అని క్లాక్ లేకుండా వెళ్లొద్దు.

క్లాక్ కొంటే ఏం చూడాలి?

డీజీటీ నెదర్లాండ్స్ కంపెనీ. దాని డీజీటీ 2010, డీజీటీ 3000 మోడళ్లు పెద్ద టోర్నమెంట్లలో ఎక్కువగా కనిపిస్తాయి. లీప్ లాంటి బ్రాండ్లవి తక్కువ ధరలో దొరుకుతాయి. బ్రాండ్ కన్నా ముందు ఇవి చూడండి:

1. ఇంక్రిమెంట్ ఉందా? కేవలం కౌంట్‌డౌన్ మాత్రమే ఉన్న చవక క్లాక్ కొంటే డబ్బులు వృథా.
2. ఇద్దరికీ వేరువేరు టైమ్ పెట్టొచ్చా? ఆర్మగెడాన్ గేమ్‌లో తెల్లపావులకు ఎక్కువ టైమ్, నల్లపావులకు తక్కువ టైమ్ ఇస్తారు, డ్రా అయితే నల్లవాళ్లు గెలిచినట్టు. 2019లో హంపి టైటిల్ తేలింది అలాంటి గేమ్‌లోనే.
3. మధ్యలో ఆపి టైమ్ సరిచేయొచ్చా? ఎవరైనా తప్పు ఎత్తు వేస్తే ఎదుటివాళ్లకు క్లాసికల్‌లో 2 నిమిషాలు, ర్యాపిడ్, బ్లిట్జ్‌లో 1 నిమిషం కలపాలి.
4. ఎవరి ఫ్లాగ్ ముందు పడిందో చూపిస్తుందా?
5. పైన ఊగే లివర్ ఉందా? ఎవరి వంతో దూరం నుంచే తెలుస్తుంది.

ఎక్కువ క్లాక్‌లు మామూలు బ్యాటరీలతోనే నడుస్తాయి, ఒక సెట్ చాలా కాలం వస్తుంది. కొత్త సెట్ ఒకటి కిట్‌లో ఎప్పుడూ ఉంచుకోండి. మన దగ్గర ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రామగుండం, ఆదిలాబాద్ ఎండాకాలం సంగతి తెలిసిందే, 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో నిలబెట్టిన కారులోనో, బండి డిక్కీలోనో క్లాక్ వదిలేస్తే ఎల్సీడీ స్క్రీన్ నల్లబడి అంకెలు కనిపించవు. చల్లబడితే సాధారణంగా మళ్లీ మామూలవుతుంది గానీ, రౌండ్ మొదలయ్యే టైమ్‌కు అట్లుంటే ఇబ్బందే.

ఆన్‌లైన్ అలవాట్లు ఇక్కడ కొంప ముంచుతాయి

ఆన్‌లైన్‌లో ఎత్తు వేయగానే క్లాక్ దానంతటదే మారుతుంది. బోర్డు మీద మీరే నొక్కాలి. మర్చిపోతే మీ టైమ్ కారిపోతూనే ఉంటుంది, ఎదుటివాళ్లు గుర్తు చేయాల్సిన పని లేదు. ఫిడే నియమాల్లో క్లాక్ గురించి ఉన్న ముఖ్యమైనవి ఇవి:

- పావు కదిపిన చేత్తోనే క్లాక్ నొక్కాలి. కుడిచేత్తో పావు, ఎడమచేత్తో క్లాక్ కుదరదు.
- క్యాస్లింగ్ గానీ, పావు కొట్టడం గానీ రెండు చేతులతో చేసి క్లాక్ నొక్కితే తప్పు ఎత్తు కింద లెక్క.
- బంటును చివరి గడికి తోసి, దాని స్థానంలో క్వీన్ పెట్టకుండా నొక్కినా తప్పు ఎత్తే.
- ఎత్తు వేయకుండా ఉత్తినే క్లాక్ నొక్కడం కూడా అంతే.
- అదే ప్లేయర్ రెండోసారి తప్పు ఎత్తు వేస్తే మామూలుగా గేమ్ పోతుంది.
- క్లాక్‌ను బలంగా కొట్టకూడదు, చేత్తో ఎత్తకూడదు.
- ఏదైనా గొడవ వస్తే మాటలు పెంచుకోకుండా క్లాక్ ఆపి ఆర్బిటర్‌ను పిలవండి. ఆ హక్కు మీకుంది.

ఎదుటివాళ్ల ఫ్లాగ్ పడ్డా ప్రతిసారీ గెలిచినట్టు కాదు. ఏ రకంగా ఆడినా మేట్ చేయలేనంత తక్కువ పావులు మీ దగ్గరుంటే, ఉదాహరణకు ఒక్క రాజే మిగిలితే, అది డ్రా.

వేరే ఆటలకూ వాడొచ్చు

ఇద్దరు ఆడే ఏ ఆటకైనా ఈ క్లాక్ పనికొస్తుంది. టోర్నమెంట్ స్క్రాబుల్‌లో ఒక్కొక్కరికి 25 నిమిషాలు ఇస్తారు. టైమ్ దాటితే గేమ్ పోదు, ప్రతి నిమిషానికి 10 పాయింట్లు కట్ అవుతాయి. అందుకే సున్నా దగ్గర ఆగకుండా నడిచే సెట్టింగ్ ఎంచుకోవాలి.

మన పులి-మేక ఆటలో కూడా ట్రై చేయండి. ఎక్కువగా ఆడే పద్ధతిలో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. మేకలవాళ్లు ముందు పదిహేను పావులూ పేర్చాలి, తర్వాత పులులను కట్టేయాలి. ఆలోచన వాళ్లకే ఎక్కువ. మా లెక్క ప్రకారం మేకలకు 7+3, పులులకు 5+3 పెట్టి ఒక గేమ్, పక్షాలు మార్చుకుని ఇంకో గేమ్ ఆడితే సరిగ్గా ఉంటుంది. నలుగురు ఆడే అష్టాచెమ్మా, పచ్చీసుకు మాత్రం రెండు బటన్ల క్లాక్ సరిపోదు. ఎక్కువ మంది పేర్లు పెట్టుకునే టైమర్ యాప్ కావాలి.

మరి ఏం చేయాలి?

ఇంట్లో సరదాగా ఆడేవాళ్లు కొత్త క్లాక్ కొనక్కర్లేదు, పాత ఫోన్ చాలు. రేటెడ్ టోర్నమెంట్‌కు వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఇంక్రిమెంట్ ఉన్న ఒక క్లాక్ కొనండి. బడ్జెట్ తక్కువైతే ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఒకటి కొనుక్కున్నా ప్రాక్టీస్ నడుస్తుంది. టోర్నమెంట్‌కు కనీసం రెండు వారాల ముందు నుంచి ఆన్‌లైన్ తగ్గించి, నిజమైన బోర్డు మీద, నోటీసులో ఉన్న టైమ్ కంట్రోల్‌తోనే ఆడండి. పావు కదిపిన చేయి దానంతటదే క్లాక్ దగ్గరికి పోయేదాకా అలవాటు కావాలి.

పక్కనే ఉన్న వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబర్ ఫిడే లిస్టులో 2801 రేటింగ్‌కు చేరాడు. భారత్ నుంచి ఆనంద్ తర్వాత 2800 దాటింది అతనే. మన జిల్లాల నుంచి కూడా అటువైపు వెళ్లాలనుకునే పిల్లలున్నారు. ఓడితే మంచి ఆట చేతిలో ఓడాలి గానీ, నొక్కడం మర్చిపోయిన బటన్ వల్ల ఓడకూడదు. మీ క్లాక్‌లో ఇప్పుడు ఏ సెట్టింగ్ ఉందో ఒకసారి చూసుకోండి: డిలే ఉంటే ఇంక్రిమెంట్‌కు మార్చండి.