హద్దులేని భాషలో హద్దుగల అంకెలు

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కుతుబ్ షాహీల కాలము నాటిది. ఏ చెరువైనను తన కట్టకు తగినంత నీటినే పట్టును. నిండిన పిదప వచ్చిన నీరు అలుగు మీదుగా పారిపోవును. చెరువు మాత్రము నిండుగానే ఉండును. కంప్యూటరులో సంఖ్యలను ఉంచు గదులకును ఇట్టి హద్దు కలదు. కాని హద్దు దాటినప్పుడు అచ్చట జరుగునది వేరు. మోటారుబండి మీటరు 99999 తరువాత 00000 చూపునట్లు, నిండిన గది ఒక్కసారిగా అడుగునకు దిగిపోవును.

1967లో హైదరాబాదున నెలకొల్పబడిన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ తొలినాళ్లలో తయారుచేసిన కంప్యూటర్లలో టి.డి.సి.-12 ఒకటి. అది 12 బిట్ల యంత్రము. తరువాత వచ్చిన టి.డి.సి.-316 పదునారు బిట్లది. బిట్ అనగా 0 గాని 1 గాని పట్టు స్థానము. 12 బిట్లలో 4096 అమరికలు మాత్రమే సాధ్యము. ఋణ సంఖ్యలకును చోటు కావలెను గనుక, నేడు వాడుకలోనున్న పూరక పద్ధతిలో సగము వాటికి పోవును. అప్పుడు −2048 మొదలు 2047 వరకు ఇముడును. 2047కు 1 కలిపినచో −2048 వచ్చును.

నేడు విద్యార్థులు విరివిగా నేర్చుకొను పైథాన్ భాషలో పూర్ణసంఖ్యకు ఈ హద్దు లేదు. సంఖ్య పెరిగినకొలది ఆ భాషయే చోటును పెంచుకొనును. ఇది సౌకర్యమే. అయితే పాతయంత్రపు నడకను అనుకరింపవలసి వచ్చినప్పుడును, రహస్యలిపి లెక్కలను చేయునప్పుడును ఈ సౌకర్యమే అడ్డగును. అప్పుడు హద్దును చేతితో కట్టవలెను.

ఉపాయము సులభము. వచ్చిన ఫలితమునకు 2048 కలిపి, 4096చే భాగించి, శేషమునుండి 2048 తీసివేయవలెను. ఉదాహరణకు 2000 + 100 = 2100. దానికి 2048 కలుపగా 4148; శేషము 52; 52 − 2048 = −1996. పండ్రెండు బిట్ల గదిలో మిగులునది ఇదియే.

ఈ కోతను ఎప్పుడు వేయవలెనన్నదే అసలు చిక్కు. కూడికలు, తీసివేతలు, గుణకారములు మాత్రమే ఉన్నచో చివర ఒక్కసారి కోసినను చాలును. 47 × 38 లబ్ధములో ఒకట్ల స్థానపు అంకె కావలెనన్న 7 × 8 చూచిన చాలును గదా. పదుల స్థానము దానిని మార్పజాలదు. బిట్లకును ఇదే న్యాయము. భాగహారములోను, పెద్ద చిన్నల పోలికలోను ఇది చెల్లదు. 2000, 100 ల సగటు చూడుడు. పైథాన్‌లో 2100లో సగము 1050. అది హద్దులోనే యున్నది గనుక చివరి కోత దానిని ముట్టదు. యంత్రములోనో, కూడిక వద్దనే −1996 అయి, సగము −998 అగును. కూడిక వెంటనే కోత వేయని అనుకరణము యంత్రపు తప్పును కప్పిపుచ్చును.

ఇది ఊహామాత్రము కాదు. వరుసగా పేర్చిన పట్టికలో సగము చొప్పున వెదకు పద్ధతి పాఠ్యపుస్తకములన్నిటను ఉన్నదే. జావా గ్రంథాలయములోని ఆ ప్రోగ్రాములో సరిగా ఇట్టి సగటు తప్పే ఏండ్ల తరబడి దాగియున్నదని 2006లో దానిని వ్రాసిన జోషువా బ్లాక్ స్వయముగా వెల్లడించెను. జావాలో హద్దు 2147483647. చిన్న పట్టికలతో పరీక్షించినంతకాలము దోషము బయటపడదు.

ఋణ సంఖ్యల భాగహారములో మరియొక మెలిక కలదు. −7ను 2చే పూర్ణసంఖ్యగా భాగించిన జావా −3 ఇచ్చును, శేషము −1. పైథాన్ −4 ఇచ్చును, శేషము 1. కావున గుర్తులను విడదీసి భాగించి, పిదప గుర్తు చేర్చవలెను. పైన చెప్పిన శేషపు ఉపాయము ఋణ ఫలితములకును చెల్లుటకు మాత్రము పైథాన్ యొక్క ఈ అలవాటే కారణము. జావాలో దానిని యథాతథముగా వ్రాసిన తప్పును.

జావాస్క్రిప్టులో కష్టము మరియొక రకము. దాని సాధారణ సంఖ్యలు రెండు యొక్క 53వ ఘాతము వరకే పూర్ణసంఖ్యలను తప్పక పట్టును. రెండు 32 బిట్ల సంఖ్యల లబ్ధమునకు 64 బిట్లు కావలసి రావచ్చును. కోత వేయుటకు ముందే క్రింది అంకెలు, అనగా కావలసిన అంకెలే, చెడిపోవును. అందుచేతనే 32 బిట్ల గుణకారమునకు ఆ భాషలో ప్రత్యేకముగా ఒక ప్రమేయమును చేర్చిరి.